ఇంటిపేరు: నోటిమాటయుఁ జేతివ్రాఁతయు
(సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



 నేను బడిపంతులుగా బ్రదుకు గడపినవాఁడను. హాజరుపట్టీలోఁ బేర్లు వ్రాయుట నా వృత్తిలో నొక భాగము. ఆ వృత్తిలో నేనును గొన్ని యిండ్లపేర్లను జెఱిచితిని. కావున నేఁడు నేను జెప్పు మాటలలో నెవ్వరినైనను దప్పుపట్టినచో, ఆ తప్పులో నాకును బాలు కలదని మొదటనే మనవి చేసికొనుచున్నాను.

మన సంఘమువారు కుటుంబముల పట్టిక నొకదానిని అచ్చువేయఁ దలఁచి యింటింటికిని బత్రములు పంపియున్నారు. అందులో "ఇంటిపేరు" అను గడి యొకటి కలదు. ఆ గడి నింపుట యెంతసేపటి పని యని యనుకొంటిని. మూఁడు దినములు పట్టినది. ఆ మూఁడు దినములలో నాకుఁ దెలిసివచ్చిన సంగతియే యీ యుపన్యాసమునకు విషయము.

మా యింటిపేరు ఉప్పులూరి. నోటితోఁ జెప్పినంతవఱకు నే చిక్కును లేదు. కలము పట్టినతోడనే చిక్కులు మొదలగును. మా యింట నొక పాఁత కొయ్యపెట్టె యున్నది. అందలి కాగితములను దీసి చాపమీఁద వరుసగాఁ బఱచి చూచితిని. మా తాతగారి తండ్రి కాలపు క్రయదస్తావేజులో "వుప్పులూరి" అని యున్నది. తాతగారు తమ చేతితో వ్రాసికొన్న లెక్కలపుస్తకపు అట్టమీఁద "ఉప్పులూరి" అని యున్నది. ఆ తాతగారే వ్రాలు చేసిన ప్రామిసరీనోటులో "వుప్పలూరి" అని యున్నది. నోటు వ్రాసినది వేఱొకరు, తాతగారు చదువక వ్రాలు చేసిరో, చదివియు నూరకుండిరో చెప్పలేము. మా పెదతండ్రిగారి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకములో నింగ్లీషున "వి"తో మొదలు. ఆయన తమ్ములైన మా తండ్రిగారి పుస్తకములో "యు"తో మొదలు. ఇరువురును ఒకే బడిలోఁ జదివిరి. నడుమ నాలుగేండ్ల యంతరము. ఆ నాలుగేండ్లలో హెడ్మాస్టరు మాఱెను, అంతే. ఇవి యైదు వ్రాఁతలు. ఆఱవది మా పెట్టెలో లేదు; అది దొరికిన విధము తరువాత మనవి చేసెదను.

మొదట "వి" సంగతి చూతము. "మన పేరు ఉప్పులూరియే. ఆ వకారము దొరల కచేరీలోఁ దగులుకొన్నది. ఇంగ్లీషు గుమాస్తాకు మన మాట నోరు తిరుగక తగిలించినాఁడు" అని మా పెద్దలు చెప్పుచుండెడివారు. నేనును నా పిల్లలకు అట్లే చెప్పితిని. పెట్టె తెఱచిన పిమ్మట నా మాట నిలువలేదు. మా తాతగారి తండ్రి దస్తావేజులో నింగ్లీషు ముక్క యొక్కటియు లేదు. అది గ్రామకరణము తెలుఁగున వ్రాసినది. ఆ కాగితములోనే "వూరు" అనియు, "వొక" అనియు, "యీ" అనియు, "యెకరము" అనియు నున్నవి. అనఁగా నా కరణముగారికి మా పేరుమీఁదఁ బ్రత్యేకమైన పగ యేమియు లేదు. పదము మొదట ఉకార ఒకారములు వచ్చినచో వకారమును, ఇకార ఎకారములు వచ్చినచో యకారమును జేర్చి వ్రాయుట యాయనకు నలవాటు. ఆయనకే కాదు, నాఁటి కరణములలోఁ బెక్కుమందికి నది యలవాటు. పాఁతకవిలెలు చూచినవారికి నిది క్రొత్తమాట కాదు.

ఆ యలవాటు తప్పుగాఁ బుట్టినదియుఁ గాదు. ఉప్పు, ఒడ్డు అని గట్టిగాఁ బలికి చూడుఁడు. పెదవులు ముందుగనే గుండ్రనై, వకారపుఁజాయ యొకటి తొంగిచూచును. ఎద్దు, ఏఱు అనునప్పుడు యకారపుఁజాయ వచ్చును. కరణము చెవిని బడినదానిని గంటమునకో కలమునకో అప్పగించినాఁడు. పండితులు దీని నొప్పుకొనలేదు. పరవస్తు చిన్నయసూరిగారు బాలవ్యాకరణములోఁ దెలుఁగుపదములు యకారముతోఁ గాని, వు, వూ, వొ, వోలతోఁ గాని మొదలుకావని నియమము చేసిరి. ఆ నియమము బడిపుస్తకములలోనికి వచ్చినది. బడిలోఁ జదివినవాఁడు ఉప్పులూరి యని వ్రాసెను. కవిలె వ్రాయువాఁడు వుప్పులూరి యనియే వ్రాయుచుండెను. మా తాతగారి లెక్కలపుస్తకము బడిచదువునకు సాక్షి. ఆయన తండ్రి దస్తావేజు కరణపు వ్రాఁతకు సాక్షి.

ఇఁక నింగ్లీషు గుమాస్తా యేమి చేసినాఁడు? కవిలెను జూచి వ్రాసినవాఁడు "వి" పెట్టినాఁడు. పండితుఁడు దిద్దిన వ్రాఁతను జూచి వ్రాసినవాఁడు "యు" పెట్టినాఁడు. కొందఱు "డబ్ల్యు" పెట్టినారు. ఎ కారముతో మొదలగు నిండ్లపేర్లకు "వై" వచ్చుటకును గారణ మిదియే. ఎఱ్ఱ అను పదముతో మొదలగు నిండ్లవారిలో "వై" పొడియక్షరముగాఁ గలవారు మన సభలోనే పెక్కుమంది కలరు. వారు తమ పేరును ఇంగ్లీషువారు చెఱిచినారని యనుకొనవలసిన పని లేదు. ఆ "వై" మన కరణముగారి యకారమునకు నీడ. పాపము, ఇంగ్లీషు గుమాస్తాలమీఁద మనము మోపిన నేరములలో నిదియొకటి వారిది కాదు. ఆ గుమాస్తాలును జాలవఱకు మనవారేకదా!

ఇక్కడ నా నేర మొకటి చెప్పవలెను. నా తరగతిలో నొక పిల్లవాఁడు తన యింటిపేరును "వుండవల్లి" యని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో వకారమును గొట్టివేసి "ఉండవల్లి" యని దిద్ది, పట్టీలోను నట్లే యెక్కించితిని. వాని తండ్రి పట్టాలో వకార మున్నది. ఇరువదియేండ్ల తరువాత నాతఁడు ఆ రెండు కాగితములను బట్టుకొని నా యింటికి వచ్చి, "మాస్టారూ, ఈ రెండూ ఒకటేనని ఒక కాగితం రాసివ్వండి" అని నిలుచున్నాఁడు. వ్రాసియిచ్చితిని. వ్యాకరణము నా పక్షముననే యుండెను. నా కాతని ముఖము చూడ సిగ్గుగా నుండెను.

రెండవది పేరు తోఁక సంగతి. మన యిండ్లపేర్లలోఁ బెక్కులు ఊళ్ల పేర్లనుండి వచ్చినవి. ఊరిపేరు ఇంటిపేరగునప్పుడు రూపము కొంచెము మాఱును. టంగుటూరు ఊరు, టంగుటూరి ప్రకాశం పంతులుగారు. కందుకూరు ఊరు, కందుకూరి వీరేశలింగం పంతులుగారు. వ్యాకరణములో ఇ, టి, తి అను ఔపవిభక్తికములని చదివినవి యివియే. "ఊరు" అనునది "ఊరి" యగును. "పాడు" అనునది "పాటి" యగును. "ఆ యూరికి సంబంధించిన" యని దానికర్థము. కాఁబట్టి ఇంటిపేరు చివరనున్న "రి" యనునది పొల్లుపోయిన యక్షరము కాదు, తప్పువ్రాఁతయుఁ గాదు. మన పూర్వు లెక్కడనుండి వచ్చిరో చెప్పు వేలు అది. అందఱు నీ పద్ధతినే పట్టలేదు. కవి శేషేంద్రశర్మగారు గుంటూరు శేషేంద్రశర్మయే గాని గుంటూరి శేషేంద్రశర్మ కారు. ఇల్లు పట్టుకొన్న రూపము ఇంటిది. దానిని వ్యాకరణముతో సరిదిద్దఁబోవుట తగదు.

నడిమి యచ్చు మఱింత చపలమైనది. చిలుకూరి, చిలకూరి, చెఱుకు, చెఱకు, ఇట్టివానిలో నేది మొదటిది, ఏది తరువాతిది యని పందెములు వేయవచ్చును. గురజాడ అప్పారావుగారి యింటిపేరునే ఇంగ్లీషునఁ గొందఱు "గురుజాడ" యగునట్లు వ్రాయుదురు. మా పేరునకు వచ్చినచో, విజయవాడనుండి గుడివాడకుఁ బోవు రైలుదారిలో ఉప్పలూరు స్టేషను కలదు. ఉప్పులూరు అను పేరుగల యూరును వేఱుగఁ గలదు. తత్త్వచింతనలోఁ బ్రసిద్ధులై 2007లో మరణించిన ఉప్పలూరి గోపాలకృష్ణమూర్తిగారి పేరులో నకారమున్నది; లోకము వారిని "యు.జి." యనియే యెఱుఁగును. ఉప్పలూరివారును ఉప్పులూరివారును ఒక్కరే యని కొందఱును, వేఱని కొందఱును వాదింతురు. ఒక్క యచ్చును జూచి యిల్లు కలుపుటయుఁ దగదు, విడఁదీయుటయుఁ దగదు. ఏ యూరినుండి వచ్చిరి, ఎవరి కొడుకు లెవరు అను ప్రశ్నకే యది తేలవలెను.

అరసున్నలును శకటరేఫములును బోయినందులకు విలపించువారు మనలోఁ గొందఱున్నారు. చెఱుకూరివారు చెరుకూరివా రైరి. గుఱ్ఱమువారు గుర్రమువా రైరి. నాకు దీనియందుఁ బెద్ద చింత లేదు. ఆ పేర్లను జూచి యెవ్వరును మఱియొక యిల్లని భ్రమపడలేదు.

ఇంగ్లీషువ్రాఁతలో రెండు కాలములు కలవు. మొదటి కాలమువారు చెవికిఁ దోఁచినట్లు వ్రాసిరి. ఊకారమునకు రెండు "ఓ"లు, ఈకారమునకు రెండు "ఈ"లు, "రావు"నకు "ఆర్, ఓ, డబ్ల్యు". కడప యను మూఁడక్షరముల యూరిపేరు వారి చేతిలో నింగ్లీషున నెనిమిది యక్షరములు మ్రింగి, 2005వ సంవత్సరము వఱకు అట్లే యుండినది. తరువాత 1870ల దశాబ్దిలో హంటరు దొరగారి పద్ధతిని ప్రభుత్వమువా రంగీకరించిరి. ఊకారమునకు "యు", ఈకారమునకు "ఐ" యని యేర్పడినది. కాని జనుల పేర్లమీఁద నే ప్రభుత్వపుఁ బద్ధతియుఁ బూర్తిగా సాగలేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు చిత్తూరికడ నున్న కట్టమంచి వారు. ఇంగ్లీషున వారి యింటిపేరు "కె"తోఁ గాక "సి"తో మొదలు. అందువలన ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు మొదటి యుపాధ్యక్షులైన యా మహనీయుఁడు నేఁటికిని "సి. ఆర్. రెడ్డి"గారు. కట్టమంచిలో "సి" యెక్కడనున్నదని యడుగు విద్యార్థికి నేనెన్నఁడును సరియైన సమాధానము చెప్పలేకపోయితిని.

"నాయుఁడు" అను మాట నడక యీ రెండు కాలములకును మంచి నిదర్శనము. పూర్వపు వ్రాఁతలో నాయఁడు, తరువాత నాయుఁడు, ఇప్పుడు నాయుడు. ఇంగ్లీషున మూఁడు రూపములు ప్రసిద్ధములు. సరోజినీదేవిగారి పేరు చివర "ఎన్, ఏ, ఐ, డి, యు". 1932లో భారతదేశపు మొదటి టెస్టుక్రికెట్టు జట్టునకు నాయకుఁడైన సి. కె. నాయుఁడుగారి పేరున "ఎన్, ఏ, వై, యు, డి, యు". దక్షిణాఫ్రికాలోను, మారిషసులోను "ఎన్, ఏ, ఐ, డి" యని, దాని వెంట రెండు "ఓ"లు. ఆ రెండు "ఓ"లను జూచినచో, ఆ యింటివారు చెవిని బట్టి వ్రాయు కాలముననే యోడ యెక్కిన పూర్వులు గలవారని తోఁచును. అక్కడ నా బిరుదము తమిళ కుటుంబములలోను గలదు కావున, పేరును జూచి భాషను నిర్ణయింపఁగూడదు.

వ్రాఁత మాఱుట యొక యెత్తు. వ్రాయుటకు గడియే లేకపోవుట మఱియొక యెత్తు. చెన్నపట్టణమునుండి కూలీలతో బయలుదేఱిన ట్రూరో యను నోడ 1860 నవంబరు 16వ తేదీని దర్బను రేవుఁ జేరెను. నాఁటినుండి 1911 వఱకు ఓడలు నడచినవి. ప్రతి యోడకును బట్టికలు కలవు. అవి నేఁటికిని నిలిచియున్నవి. అందు సంఖ్య యొక గడి, పేరొక గడి, తండ్రిపేరొక గడి, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీఁది గుఱుతులు. ఇంటిపేరునకు మాత్రము గడి లేదు. అడుగలేదు గనుక నావాఁడు చెప్పలేదు. చెప్పినను వ్రాయుటకుఁ జోటు లేదు. వారి పిల్లలకుఁ దండ్రిపేరో, తాతపేరో, బిరుదమో యింటిపేరై కూర్చున్నది. అక్కడివారు తెలుఁగును విడువలేదు. 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. కాని వారిలో నొకరు మన జిల్లాకు వచ్చి, "మా పూర్వు లీ గ్రామమునుండి వచ్చిరి, మా బంధువు లెవరు?" అని యడిగినచో, "మీ యింటిపేరేమి?" అని మనమడుగు నెదురుప్రశ్నకు వారియొద్ద సమాధానము లేదు. ఒంటిమీఁద నెడమమోచేతికడ మచ్చ యున్నదని పట్టికలో నుండును. ఇల్లు మాత్ర ముండదు.

అమెరికాకుఁ బోయినవారి సంగతి దీనికి వేఱు. వారికి గడులు రెండు: మొదటిపేరు, చివరిపేరు. మన వాడుకలో ఇల్లు ముందు, మనిషి వెనుక. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, అమెరికాలో వైద్యరసాయనశాస్త్రమున మహాకార్యములు చేసి 1948లో న్యూయార్కున మరణించిరి. చివరనున్నది సుబ్బారావు కావున అదియే యక్కడివారికి వంశనామమైనది. అదియుఁ బాఁతపద్ధతిని "డబ్ల్యు"తో ముగియును. ఫిస్కేగారితోఁ గలిసి 1925లో వారు ప్రకటించిన భాస్వరపరీక్ష నేఁటికిని శాస్త్రజ్ఞుల నోట "ఫిస్కే-సుబ్బారో" పద్ధతియే. వారి గౌరవార్థమొక బూజుజాతికి "సుబ్బరోమైసిస్" అని పేరు పెట్టిరి. బూజునకైనను దొరికిన పేరులో యల్లాప్రగడవారి యింటికిఁ జోటు దొరకలేదు. నా మనుమరాలి పాసుపోర్టులో దీనికి విపర్యయము: ఉప్పులూరి కడపటి గడిలోఁ గూర్చున్నది. దానికి నేను సంతోషించితిని; వెనుకకుఁ బోయిన నేమి, ఇల్లు మిగిలినది గదా.

ఇఁక మా దొడ్డమ్మ కథ. పైఁజెప్పిన "వి" యక్షరపుఁ బెదతండ్రిగారి భార్య యామె. పెదతండ్రిగారు నావలెనే యుపాధ్యాయులు. వారి సర్వీసు పుస్తకములో "వి". వారు సంసారము చేసిన యింటి రేషనుకార్డులోను, దొడ్డమ్మ బ్యాంకుపుస్తకములోను "యు". ఏలయన నా కాగితము లన్నియు మా తండ్రిగారు దగ్గఱనుండి వ్రాయించినవి, ఆయనకుఁ దెలిసినది "యు". పెదతండ్రిగారు కాలధర్మము చెందిరి. వితంతువునకు రావలసిన పింఛను పదునాలుగు నెలలు రాలేదు. సర్వీసు పుస్తకములోని "వి" వేఱు, కార్డులోని "యు" వేఱు అని యొక కచేరీలోఁ గాగితమును ద్రిప్పిపంపిరి. నేను తీసికొనిపోయిన ప్రమాణపత్రములకు లెక్కలేదు. ఇద్దఱు సాక్షులు, ఒక నోటరీ, గ్రామాధికారి వ్రాలు. పాఁతకవిలె చూపింతమన్నచోఁ గరణముల యుద్యోగములే 1984లో రద్దయినవి, కవిలె యే గదిలోఁ జెదలు తినుచున్నదో యెవరికెఱుక? పదమూఁడవసారి కాఁబోలు, దొడ్డమ్మ నాతోఁ గూడ వచ్చి ఆ బల్లముందు కూర్చుండెను. "ఈ వి గారును ఈ యు గారును ఒక్కరే యని ఋజువు కావలెను" అని యాతఁడు మఱల ననెను. దొడ్డమ్మ నా వైపు తిరిగి, "ఏరా అబ్బాయీ, నలభై యేళ్లు నేను కాపరం చేసింది ఒకాయనతోనా, ఇద్దరితోనా?" అని యడిగెను. ఆ గదిలో నెవ్వరును నవ్వలేదు. మఱునెలలోఁ బింఛను వచ్చినది. ఆమె మాటవలన వచ్చినదని నేననను. కాగితములును నప్పటికిఁ బూర్తియైనవి. కాని యా పదునాలుగు నెలలలో నామె తన చేతిగాజులు రెండు అమ్మెను. ఒక్క యక్షరము వెల యెంత యని నన్నడిగినచో నా గాజులను జూపుదును.

ఆ దొడ్డమ్మయే మాకు ఆఱవ వ్రాఁతను వెదకి పెట్టినది. పెదతండ్రిగారు పోయిన రెండేండ్లకు నామె మనుమరాలికి సంబంధము చూచుచుండిరి. మంచి సంబంధ మొకటి కుదిరినట్లే యుండెను. పిల్లవాఁడు బుద్ధిమంతుఁడు, మన సంఘమువారే, వేఱు జిల్లాలో నున్నవారు. ఇంటిపేరు "ఉప్పల". ఉప్పల యను నిండ్లవారు వేఱుగఁ గలరు గనుక నెవ్వరికి ననుమానము రాలేదు. కాగితములో నింగ్లీషున వ్రాసియుండుటచే నసలు రాదు. వారు పిల్లను జూడ వచ్చిననాఁడు పిల్లవాని నాయనమ్మయును వచ్చెను. ముసలమ్మ లిద్దఱును బెరటిలోఁ గూర్చుండి మాటలాడుకొనుచుండిరి. దొడ్డమ్మ, "మీ మామగారిది ఏ వూరమ్మా?" అనెను. ఆమె మా యూరిపేరు చెప్పెను. దొడ్డమ్మ కొంతసేపు మాటలాడక, "ఉత్తరపు నుయ్యి దగ్గర యిల్లా?" అనెను. "ఆ నుయ్యి పంపకాల్లోనే తగవొచ్చి మా మామగారు వచ్చేశారట" అని యామె యనెను.

పిల్లవాని ముత్తాతయు, మా పిల్ల ముత్తాతయు స్వయముగా నన్నదమ్ములు. మా తాతగారి యన్నగారు నూతి తగవున నూరు విడిచి పోయిరని మేము వినియుంటిమి, ఏమైరో తెలియదు. వెళ్లినచోటఁ గొడుకును బడిలో వేయఁగా, పట్టీలో గడి యిఱుకై పంతులు "ఉప్పలూ" వఱకు వ్రాసెనట. తరువాతి యేఁడు పట్టీ యెత్తివ్రాసినవాఁడు దానిని "ఉప్పల" చేసెనట. అక్కడినుండి "ఊరి" పోయినది. పేరులో నూరు పోయినవారికి ఊరితోడి పొత్తును బోయినది. వియ్య మాగిపోయినది, ఒక్క యింటివారికి వియ్యమేమి? కాని యా ముసలమ్మ లిద్దఱును వరుసకుఁ దోడికోడండ్రని తేలినది. ఒకరి మొగ మొకరు చూచుకొని యేడ్చిరి. వచ్చినవారు సాయంకాలమునకుఁ బోవలసినవారు మూఁడుదినము లుండిరి. పిల్ల కాబట్టెడు పెండ్లికొడుకు అన్నయై, మఱుసటి యేఁటఁ దానే నిలుచుండి పిల్లకుఁ బెండ్లి చేయించెను.

నాయనమ్మలు లేని యింట నీ పెండ్లి జరిగియుండెడిది. మన పత్రములలో నాయనమ్మ పేరునకు గడి యున్నదా? లేదు. ఆమె పుట్టింటిపేరునకున్నదా? అదియు లేదు. ఇంటిపేరు మార్చుకొని వచ్చిన స్త్రీలకే మన యింటి వంశవృక్షము నోటికి వచ్చుట యొక వింత. పుట్టినవారు మఱచుచున్నారు, వచ్చినవారు జ్ఞాపకముంచుకొనుచున్నారు.

ఇటీవలి కాలమునఁ బేరు వ్రాయుట మనిషి చేతినుండి యంత్రమునకుఁ బోయినది. ఆధారుకార్డున నింగ్లీషుపేరు పెట్టిన యంత్రము తానే తెలుఁగు చేయును. "టి" తకారమో టకారమో, "డి" దకారమో డకారమో, "ఎల్" లకారమో ళకారమో దానికేమి తెలియును? మా యింట "వి" వారికి యంత్రము "వుప్పులూరి" యని యిచ్చినది. కరణముగారి వ్రాఁత నూఱేండ్లకుఁ దిరిగి వచ్చినదని నేను నవ్వుకొంటిని. "యు" వారిలో నొకనికి వోటరుపట్టికలో "అప్పులూరి" యని వచ్చినది. ఇది యేడవ వ్రాఁత. అతనికి అప్పు లున్నమాట నిజమే గాని, అది యింటిపేరుగా నుండఁదగిన యాస్తి కాదు.

ఈ కథలన్నియు నేను జెప్పుటకుఁ గారణము మన పట్టిక. కార్యవర్గమున నొక మిత్రుఁడు, "ఒక్కొక్క యింటిపేరునకు ఒక్క శుద్ధమైన వ్రాఁతను నిర్ణయించి, అందఱ పేర్లను నట్లే యచ్చువేయుదము, వెదకుట సులభమగును" అని చెప్పుచున్నారు. వారి సదుద్దేశమును నేను శంకింపను. కాని శుద్ధి చేయఁబోయి నేను ఎఱ్ఱసిరాతో నొక పిల్లవానికిఁ జేసినది మీకుఁ జెప్పితిని. ఉప్పలవారిని "ఉప్పులూరి" యని యచ్చువేసినచో వారి బడికాగితమునకును బట్టికకును బొత్తు పోవును. ఉప్పులూరివారిని "ఉప్పల" యనలేము. ఏ వ్రాఁతను గొట్టివేసినను, ఆ వ్రాఁతతోఁ గాగితములున్న యొక యింటివారు మన పట్టికలోఁ దమ్ము వెదకికొనలేరు. వెదకుటకు సౌలభ్యము కావలెనన్నచో, నిఘంటువులలో వలె "వుప్పులూరి: ఉప్పులూరి చూడుఁడు" అని యొక పంక్తి వేసినచోఁ జాలును. కాగితము ఖర్చు కొంచెము పెరుగును. ఆ ఖర్చునకు నా వంతు చందా యిచ్చుటకు సిద్ధముగ నున్నాను.

కావున ఇంటిపేరు గడి యొకటి చాలదని నా మనవి. నోటితో నెట్లు పలుకుదురో ఆ రూపము తెలుఁగున నొక గడి. కాగితములలో నున్న వ్రాఁతలన్నియు, ఏ కాగితము, ఎవరి తరము అను వివరముతో నొక గడి. ఏ యూరినుండి వచ్చిరో యొక గడి. తల్లి పుట్టింటిపేరు, నాయనమ్మ పుట్టింటిపేరు ఒక గడి. పత్రములు మఱల నచ్చువేయవలసివచ్చునని కార్యదర్శిగారు చింతింపనక్కఱలేదు. వెనుకప్రక్క తెల్లగనే యున్నది.

మా యింటి పత్రము నీ యుదయముననే వారి చేతి కిచ్చితిని. ముందుప్రక్క "ఉప్పులూరి" యని వ్రాసి, వెనుకప్రక్క ఏడు వ్రాఁతలను వ్రాసి, ఉప్పలవారి తోడికోడలిగారి పుట్టింటిపేరును మాత్రము ఖాళీగా విడిచితిని. ఆ పేరు దొడ్డమ్మకుఁ దెలియునట. పండుగకు వారి యూరికిఁ బోవుచున్నది, అడిగి వచ్చి చెప్పెదననినది.